మ్యాచింగ్ బాబాయి కడుపుమంట

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. దారాలు, గుండీలు, జిప్పులు, లైనింగు గుడ్డలు అమ్మే కొట్టు ఆయనది. ఎవరు ఏ గుడ్డముక్క తెచ్చినా చేతిలోకి తీసుకుని, గుమ్మందాకా నడిచి, పగటి వెలుగులో ఒకసారి తిప్పి చూసి, లోపలికొచ్చి అన్ని వందల దారపుండల్లోంచి తడుముకోకుండా ఒకటి తీసి ఆ గుడ్డమీద పెట్టేవాడు. దారం గుడ్డలో కలిసిపోయి, ఉందో లేదో తెలిసేది కాదు. "ట్యూబులైటు అబద్ధాలకోరు. రంగు విషయంలో సూర్యుణ్ణి తప్ప ఎవర్నీ నమ్మకూడదు" అనేవాడు. పొద్దస్తమానం ఆయన నోట నలిగే మాట ఒక్కటే, మ్యాచింగు. అందుకని చిన్నాపెద్దా అందరికీ ఆయన మ్యాచింగ్ బాబాయి అయిపోయాడు. ఆయన భార్య పిన్ని అయింది.

పనిలో బాబాయికి వంక పెట్టడానికి లేదు. మనిషిలో మాత్రం ఒక తెగులుంది, ఓర్వలేనితనం. ఎదురు కొట్టు ముందు ఇద్దరు ఎక్కువ నిలబడితే ఆయనకి మధ్యాహ్నం భోజనం సయించదు. పక్కింటాయన కిటికీలకి కొత్త రంగు వేయిస్తే, "ఆ నీలం చూడు, కళ్ళున్నవాడు ఎంచుకునేదేనా అది?" అని పూటపూటా సణిగేవాడు. పెళ్ళయిన కొత్తలో పిన్ని వీధిలో పోతూ విని, సెలూను అతను బాగా పాడుతున్నాడని ఒక్క మాట అన్నది. అంతే, చాలాకాలం బాబాయి వేరే పేటకి నడిచివెళ్ళి క్షవరం చేయించుకొచ్చాడు. అప్పుడు ఆయన తలమీద జుట్టుండేది. ఇప్పుడు ఆ బెడద లేదు.

పిన్ని నెమ్మదైన మనిషి. కౌంటరు అవతలి కొసన నిలబడి లైనింగు గుడ్డలు కొలిచి కత్తిరించేది. మధ్యమధ్య తనలో తనే ఏదో తలుచుకుని నవ్వుకునేది. ఎందుకని అడిగితే, "ఏం లేదండీ" అనేది. పదో తరగతితో చదువాగిపోయింది ఆవిడకి. ఒకరోజు జిప్పుల కంపెనీ మనిషి కేటలాగు పట్టుకొచ్చి, బాబాయి లేని సమయంలో ఇంగ్లీషులో గడగడా ఏదో అడిగాడు. పిన్నికి అర్థంకాక ఊరికే నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ నవ్వు ఆవిడ గొంతులో చేపముల్లులా దిగిపోయింది.

"ఏమండీ, బేకరీ మేడమీద సాయంత్రాలు ఇంగ్లీషు క్లాసు చెబుతున్నారట. నేను చేరతాను" అన్నది.

"చేరు, చేరు. నాలుగు రోజులు పోతే నువ్వే మానేస్తావు" అని నవ్వాడు బాబాయి.

పిన్ని మానలేదు. మానకపోగా ఇంట్లోకి ఒక కొత్త మనిషిని తెచ్చింది. "మాస్టారు చెప్పారు" అన్న మాట మొదట ఎప్పుడో ఒకసారి వినబడేది. పోనుపోనూ పూటపూటా వినబడింది. మనిషి గడప తొక్కకుండానే మాస్టారు వాళ్ళ భోజనాల బల్ల దగ్గర మూడో కుర్చీ లాక్కుని కూర్చున్నట్టయింది బాబాయికి.

అయినా ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర జరిగింది.

"ఏమండీ, ఇవాళ మాస్టారు మ్యాచ్ అనే మాట గురించి చెప్పారు" అన్నది పిన్ని, కళ్ళు మెరుస్తుండగా.

బాబాయి ముద్ద ఆపాడు. "ఏ మ్యాచి?"

"మన మ్యాచే. మ్యాచింగు."

"దాని గురించి నా ఇంట్లో చెప్పడానికి ఆయనెవరు?"

"ముందు వినండి. ఆటని మ్యాచంటాం కదా. పెళ్ళి సంబంధం కుదిరినా మ్యాచే. ఒకడికి ఒకడు సాటిరాకపోతే చెప్పేదీ ఆ మాటతోనే. మన దారమూ అంతే. ఇవన్నీ ఒక తల్లి పిల్లలట. ఎప్పుడో వెయ్యేళ్ళనాటి ఇంగ్లీషులో దానికి జతగాడు, జోడు అని అర్థమట. ఆటలో అవతలివాడు కూడా మనకి జోడేగా, సరిజోడు! మరి అగ్గిపుల్లని కూడా మ్యాచే అంటారా, అదేమో వీళ్ళ చుట్టం కాదట. ఇంటిపేరు ఒకటేగానీ వంశం వేరు. అది ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందట. అసలు అర్థం దీపం వత్తి. పూర్వం ఫిరంగులకి నిప్పంటించే తాడుని కూడా అలాగే పిలిచేవాళ్ళట. అగ్గిపుల్లలు వచ్చాక పేరు వాటికి అంటుకుంది. ఇంకా వెనక్కి వెళితే..." పిన్నికి నవ్వాగలేదు. పైట నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంకా వెనక్కి వెళితే గ్రీకులో ముక్కుచీమిడి అట! దీపం మూతిలోంచి వత్తి వేలాడుతుంటే వాళ్ళకలా కనిపించిందట."

"అన్నం దగ్గర చీమిడి కబుర్లా? ఇదా మీ మాస్టారు చెప్పే చదువు?" అని బాబాయి విసురుగా లేచి చెయ్యి కడుక్కున్నాడు.

కానీ ఆయనకి మండింది చీమిడి గురించి కాదు. ఆ మాట ఆయన సొంతం. తండ్రి హయాం నుంచి ఆయన నోట్లో పుట్టి, ఆయన కొట్లో పెరిగింది. దానికి ఒక తల్లీ తండ్రీ ఉన్నారని, ఒక దొంగ చుట్టం కూడా ఉన్నాడని ఆయనకే తెలియదు. ఎవడో మేడమీద కూర్చుని ఆయన మాటకి వంశవృక్షం గీసి, దాన్ని ఆయన భార్య చేతికే ఇచ్చి పంపించాడు. పైగా ఆవిడ అలా పడిపడి నవ్వింది. తను చెప్పిన ఏ మాటకైనా ఆవిడ అలా నవ్విందా? ఎంత తవ్వుకున్నా బాబాయికి ఒక్కటీ గుర్తుకురాలేదు.

పక్క కొట్టు టైలరుకి ఎదుటివాడి మంటలో చలి కాచుకోవడం సరదా.

"బాబాయ్, ఆ మాస్టారి జుట్టు చూశావా? నల్లగా నిగనిగలాడిపోతోంది. యాభై దాటాయంటే ఎవరు నమ్ముతారు?"

"రంగేసుకుంటాడేమో."

"అయితే నువ్వే చెప్పు. రంగు సంగతి నీకంటే ఎవరికి తెలుసు?"

మర్నాడు మాస్టారు వీధిలో నడిచి వెళుతుంటే బాబాయి గుమ్మంలోకి వచ్చి చూశాడు. ఎండ నేరుగా తలమీద పడుతోంది. రెండుసార్లు చూశాడు. రంగు కాదు, అసలుదే. ఆ పూట కొట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఇది చాలదన్నట్టు కొన్నాళ్ళకి పిన్ని కౌంటరు మీద ఒక గోధుమరంగు గుండీ పెట్టింది. "మాస్టారి కోటు గుండీ ఒకటి ఎక్కడో ఊడిపోయిందట. దీనికి మ్యాచింగు చూడండి. పాపం ఒంటరి మనిషి, ఆయనకి కుట్టుకోవడం రాదు."

"ఎవరు కుడతారు మరి?"

"నేనే కుట్టి ఇస్తానన్నాను. అదేమన్నా బ్రహ్మవిద్యా?"

బాబాయి గుండీని తీసుకుని వెలుగులోకి వెళ్ళాడు. సరైన గుండీ ఏ డబ్బాలో ఏ మూల ఉందో ఆయనకి తెలుసు. చెయ్యి అటే వెళ్ళింది. వెళ్ళి, దాని పక్క డబ్బాలో ఆగింది. అదే సైజు, అవే నాలుగు చిల్లులు, రంగు మాత్రం ఇసుమంత ముదురు. మామూలు కంటికి ఆనదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన తెలిసి తెలిసి తప్పు రంగు ఇవ్వడం అదే మొదటిసారి. పిన్ని ఆ గుండీని వేళ్ళ మధ్య తిప్పి చూసి, ఏమీ అనకుండా తీసుకెళ్ళింది.

కసి తీరిందనుకున్నాడు. తీరలేదు సరికదా, మాస్టారు ఆ కోటు వేసుకుని కొట్టు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా ఆ గుండీ బాబాయి కంట్లోనే గుచ్చుకునేది. అది తన కొట్టు గుండీ. తన చేతి పని. భార్య చేత్తో కుట్టించి మరీ తన అవమానాన్ని వాడి రొమ్ముకి తగిలించి ఊరేగిస్తున్నట్టుంది.

చివరికి ఉండబట్టలేక ఒక సాయంత్రం తలనొప్పి అని టైలరుతో చెప్పి కొట్టు కట్టేశాడు. బేకరీ పక్క మెట్లెక్కాడు. కింద పొయ్యిలోంచి వేడి రొట్టెల వాసన పైదాకా వస్తోంది. తలుపు సగం తెరిచి ఉంది. బాబాయి గోడకి అంటుకుని లోపలికి తొంగి చూశాడు.

మాస్టారు ఒక మూల కుర్చీలో కూర్చుని దగ్గుతున్నాడు. మెడకి మఫ్లరు చుట్టుకున్నాడు. బల్లల నిండా జనం, కుర్రాళ్ళు, పెద్దవాళ్ళు. బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్నది పిన్ని.

పాఠం చెబుతోంది. మ్యాచ్ మాటే. కొత్తగా చేరినవాళ్ళకి జోడు కథా, వత్తి కథా వరసగా చెప్పి, తన కొట్టు సంగతి ఎత్తుకుంది. "గుడ్డకి దారం వెతికేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. ట్యూబులైటు అబద్ధాలకోరు. రంగు విషయంలో సూర్యుణ్ణి తప్ప ఎవర్నీ నమ్మకూడదు!" అన్నది. గది గదంతా గొల్లుమంది. ముందు బల్లలో కూర్చున్న పోస్టాఫీసు అమ్మాయి చప్పట్లు కూడా కొట్టింది.

బాబాయి తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. ఆ మాట తనది. ఇన్నేళ్ళుగా అదే మాట ఎన్ని వందలమందికి చెప్పినా ఒక్కరూ నవ్వలేదు. ఊఁ అని గుడ్డ తీసుకుని వెళ్ళిపోయారు. అదే మాట ఆవిడ నోట పడేసరికి పువ్వై విచ్చుకుంది. ఆవిడ ముఖం చూశాడు. పక్కన నిలబడి గుడ్డలు కత్తిరించే మనిషి ముఖం కాదది. ఇన్నాళ్ళూ తనలో తను నవ్వుకున్నదంతా ఇక్కడికొచ్చి బయటపెడుతోంది కాబోలు.

మాస్టారి మీద కోపం కోసం లోపలంతా వెతుక్కున్నాడు. దొరకలేదు. మఫ్లరు చుట్టుకున్న ఆ దగ్గుమనిషి మీద ఏముంటుంది? ఉన్న కడుపుమంటంతా బోర్డు దగ్గర నిలబడ్డ భార్యమీదే. అది తెలిసేసరికి బాబాయి సిగ్గుతో మెట్లు దిగబోయాడు. అప్పటికే క్లాసు వదిలేశారు. పిన్ని గుమ్మంలో ఎదురుపడింది.

"తలనొప్పి తగ్గిందా?" అన్నది.

"నీకెవరు చెప్పారు?"

"టైలరు మీకంటే ముందే పరిగెత్తుకొచ్చి చెప్పిపోయాడు, మీరు కొట్టు కట్టేస్తున్నారని. పదండి."

ఇద్దరూ వీధివెంట నడిచారు. కొంత దూరం పోయాక పిన్నే అందుకుంది.

"మీరిచ్చిన గుండీ తప్పు."

బాబాయి చెప్పు సరిచేసుకునే వంకతో వంగాడు.

"చేతిలో పెట్టుకోగానే తెలిసింది. ఇన్నేళ్ళు మీ పక్కన నిలబడ్డాను, నాకు ఆమాత్రం రాదా? మీరే చెబుతారేమోనని చూశాను. చెప్పలేదు. సరే, ఆయన కోటుకి అదే కుట్టాను. నా మొగుడి కుళ్ళు నలుగురూ చూడనీ అని."

"మాస్టారు చూశాడా?"

"ఆయనకి కోటు రంగే తెలియదు."

బాబాయి నవ్వబోయి ఆగిపోయాడు. ఆవిడ నవ్వడం లేదు.

"నాకు ఆయన మీద అనుమానం లేదు" అన్నాడు. "ముందు ఉండేది. ఇప్పుడు లేదు. నిన్ను చూస్తేనే కుళ్ళుగా ఉంది."

పిన్ని ఆగి ఆయన ముఖంలోకి చూసింది. "నన్ను చూసా?"

"నా మాట చెప్పి చప్పట్లు కొట్టించుకున్నావు."

"మీ మాటే. మంచి మాట కాబట్టే చెప్పాను. కొట్లో మీరు దాన్ని జనం మీద కసురుకుంటున్నట్టు చెబుతారు, ఎవరు నవ్వుతారు?" అని, మళ్ళీ నడుస్తూ అన్నది, "ఇంకొకటి కూడా వినండి. మాస్టారికి గొంతు బాగాలేదు. వచ్చే నెల నుంచి కొత్తవాళ్ళ క్లాసు నన్ను చెప్పమన్నారు. చెబుతానన్నాను."

"నన్ను అడగలేదే?"

"అడిగితే మీరేమంటారో తెలుసు కదా."

బాబాయి అలిగాడు. అలక అంటే మామూలు అలక కాదు. భోజనానికి పిలిస్తే రాడు, పిలవకపోతే ఎందుకు పిలవలేదంటాడు. సాయంత్రాలు కొట్టు కిటకిటలాడే వేళ ఒక్కడే గుడ్డలు కత్తిరించలేక వంకరటింకరగా కత్తిరించి, వచ్చినవాళ్ళతో మాటలు పడ్డాడు. వాళ్ళు "టీచరుగారు లేరా?" అని అడిగేవాళ్ళు. పిన్ని అనడం మానేసి టీచరుగారు అన్నారని అదొక బాధ. టైలరు జాలిపడ్డట్టు ముఖం పెట్టి, "పోనీ, నువ్వూ వెళ్ళి చేరరాదూ బాబాయ్" అన్నాడు. వెటకారానికే అన్నాడు. బాబాయి మాత్రం నిజంగానే వెళ్ళి చేరాడు.

ఎందుకు చేరావంటే ఆయన సరిగ్గా చెప్పలేడు. ఆవిడ అక్కడ ఏం చేస్తోందో దగ్గరుండి చూస్తేగాని ప్రాణం కుదుటపడదనుకున్నాడేమో. సాయంత్రం కొట్టు ముందే కట్టేసి, వెనక బల్లలో కూర్చునేవాడు. పిన్ని ఆయన్ని అందరితో సమానంగా చూసింది. తప్పు చెబితే తప్పన్నది. మొదట్లో చెవులు ఎర్రబడేవి. తర్వాత కొట్లో గిరాకీ లేనప్పుడు పుస్తకం తెరిచి, పెదాలు కదుపుతూ వల్లె వేయడం మొదలుపెట్టాడు. పోస్టాఫీసు అమ్మాయి ప్రతిదానికీ అందరికంటే ముందు జవాబు చెప్పేస్తుందని ఆయనకి కొత్త మంట.

ఒకరోజు పిన్ని బార్క్ అనే మాట బోర్డుమీద రాసి, కుక్క మొరుగుడికీ చెట్టు బెరడుకీ ఒకటే మాట ఎలా వచ్చిందో అడిగింది. ముందురోజు బాబాయి కౌంటరు వెనక కూర్చుని చదివిన సంగతే అది. రెండూ వేరు వేరు మాటలు, కుక్కది పాత ఇంగ్లీషుది, చెట్టుది ఐరోపా ఉత్తరపు కొసనుంచి దండెత్తి వచ్చిన ఓడలవాళ్ళు తెచ్చినది. బాబాయి బల్లమీంచి సగం లేచి చెయ్యెత్తాడు. పిన్ని ఆయన్ని చూసింది. చూసి, ఇంకెవర్నో అడిగింది.

ఇంటికి వస్తూ బాబాయి పిన్నికి నాలుగడుగులు ముందే నడిచాడు. తలుపు తాళం తీస్తూ పిన్ని, "మీరు చెయ్యెత్తడం చూశాను. మీకొచ్చని తెలుసు. అందుకే అడగలేదు" అన్నది.

ఆ మాటతో ఆయన రెండు రోజులు గాలిలో తేలాడు. మూడోనాడు పోస్టాఫీసు అమ్మాయి దారం కోసం కొట్టుకి వచ్చింది.

"బాబాయిగారూ, మొన్న టీచరుగారు నన్నూ అడగలేదు. ఎందుకండీ అంటే, నీకొచ్చని తెలుసమ్మా అన్నారు నిన్న" అని మురిసిపోతూ చెప్పింది.

బాబాయి దారపుండని కాగితంలో చుట్టి ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు.

"నాకు మాత్రం మొన్ననే చెప్పింది" అన్నాడు.