భోషాణంలో రంగం ఉత్తరాలు

గోధుమపిండి నుంచి తీసిన గంజిపొడిని నీళ్ళలో కలిపి, సన్నటి సెగ మీద ముప్పావుగంటసేపు చెయ్యి ఆపకుండా కలియబెడితే, తెల్లటి నీళ్ళు ఉన్నట్టుండి చిక్కబడి, అద్దంలా మెరిసి, కమ్మటి పచ్చి వాసన ఒకటి గదంతా కమ్ముకుంటుంది. చిరిగిన పాత కాగితాలను అతికించడానికి మేం వాడే జిగురు అది. నేను పనిచేసే గ్రంథాలయంలో పై అంతస్తు చివరిగదిలో వారానికోసారి ఆ గిన్నె పొయ్యెక్కుతుంది. నాతో పనిచేసే పిల్లలకి అది జిగురు వాసన. నాకు మాత్రం ఉద్దానంలో మా ఇంటి వెనక వసారా, అక్కడ పీట మీద గొంతుక్కూచుని చిన్న సత్తుగిన్నెలో బియ్యపు గంజి కాస్తూ, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేస్తూ, ముక్కుకొసకి జారిన కళ్ళద్దాల్లోంచి నావైపు చూసే మా తాత.

మా ఊరు వజ్రపుకొత్తూరు దాటాక, సముద్రానికి మైలు దూరంలో. ఊరికీ ఒడ్డుకీ మధ్య అంతా తోటలే. కొబ్బరిచెట్ల కింద జీడిమామిడి, వాటి సందుల్లో పనస, దడి పొడుగునా మునగ. ఎండాకాలం తోటలోకి వెళితే ఎండ కాదు, పండిన పనసకాయల వాసనే ముందు మొహాన కొట్టేది. జీడిమామిడి పళ్ళు ఉప్పు అద్దుకుని తిని, రసం కారి గౌను నిండా ఎన్నటికీ పోని మరకలు చేసుకుని, నాన్నమ్మ చేత తిట్లు తినడం మా వేసవి దినచర్య. మధ్యాహ్నాలు గవ్వలాట, సాయంత్రాలు ఇసుక దిబ్బల మీంచి కొబ్బరిమట్టల మీద కూచుని జారడం, గంగమ్మ పండగనాడు కొత్త రంగులేసిన పడవల చుట్టూ తిరిగి కొబ్బరిముక్కలు ఏరుకోవడం, ఇవి తప్ప ప్రపంచంలో మరో పని ఉందని నాకు తెలీదు.

తాత ఊళ్ళో పోస్టుమాస్టరు. పోస్టాఫీసంటే మా వీధి అరుగే. ఒక బల్ల, ఒక తూకం, ఒక ఎర్ర డబ్బా. ఒడ్డునున్న గంగపుత్రుల గుడిసెల్లో చదవడం వచ్చినవాళ్ళు లేరు గనక, ఉత్తరం వస్తే తాతే చదివి చెప్పాలి, జవాబూ తాతే రాయాలి. అందుకే అందరికీ ఆయన పోస్టుబాబు. చదివించుకున్నాక ఆ ఉత్తరాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలిసేది కాదు. తాటాకు గుడిసె, వానొస్తే కారుతుంది, వేసవిలో నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. ఊళ్ళో పెంకుటిల్లు మాది. నీ దగ్గరే ఉంచు బాబూ అని ఒకరు మొదలుపెడితే ఒకరి వెంట ఒకరు అలాగే ఇచ్చారట. అలా పోగైన ఉత్తరాలతో మా మధ్యగదిలో టేకు భోషాణం నిండిపోయింది.

అందులో ఎక్కువ రంగం నుంచి వచ్చినవే. రంగూన్‌ని మా వైపు రంగమనేవాళ్ళు. యుద్ధానికి ముందు ఈ తీరం నుంచి ఎంతోమంది బారువ రేవులో ఓడెక్కి అక్కడి ధాన్యం మిల్లుల్లోకి, రేవుల్లోకి కూలికి వెళ్ళారు. కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. రానివాళ్ళ ఉత్తరాలు మాత్రం మా భోషాణంలో ఉన్నాయి. ఇంటికొక మూట, పాత చీరముక్కలో చుట్టి. వాళ్ళ మూట వాళ్ళు గుర్తుపట్టడానికి పేరు రాసి లాభం లేదు గనక, ఒక్కో ముడికీ ఒక్కో గుర్తు వేలాడేది: ఒకదానికి గవ్వ, ఒకదానికి వల ముక్క, ఒకదానికి జీడిపిక్క. మూటల మధ్య ఎండిన వేపాకు, వసకొమ్ములు. తర్వాత నేను ఎన్నో గొప్ప భాండాగారాలు చూశాను గానీ, చదువురానివాళ్ళు తమ కాగితాన్ని తామే వెతికి తీసుకోగలిగే ఏర్పాటు మరెక్కడా చూడలేదు.

ఏటా రోహిణి ఎండల్లో తాత భోషాణం తెరిచి ఉత్తరాలను వసారాలో నీడపట్టున చాపల మీద పరిచేవాడు. ఎండలో పెడితే కాగితం పెళుసవుతుందనీ, నీడగాలే దానికి మందనీ చెప్పేవాడు. ఆ రోజు ఒడ్డు జనమంతా వచ్చేవాళ్ళు. వస్తూ ముంజెకాయలో, ఎండుచేపలో పట్టుకొచ్చేవాళ్ళు. తాత ఒక్కొక్కరి ఉత్తరం మళ్ళీ మొదటినుంచి చదివేవాడు. ఏళ్ళతరబడి విన్నవే, అయినా ఆ రోజే వచ్చినట్టు వినేవాళ్ళు. నేనూ అక్కడే ఉండేదాన్ని గానీ నా ధ్యాసంతా ముంజెల మీద. ఒక్క ఉత్తరమూ చెవిన పెట్టలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

వచ్చేవాళ్ళలో నీలమ్మ మామ్మ ఒకతె. ఆమె మొగుడు నరసయ్య, పెళ్ళైన రెండో ఏడు, ఆమె కడుపుతో ఉండగా రంగం వెళ్ళాడు. ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది. తర్వాత యుద్ధం వచ్చింది. ఉత్తరమూ రాలేదు, మనిషీ రాలేదు. ఆమె చేపలమ్మి కూతుర్ని పెంచింది, పెళ్ళి చేసింది, మనవల్నెత్తుకుంది. ఏటా ఒక పూట వచ్చి, తాత ఎదురుగా నేలమీద కూచుని, కళ్ళు మూసుకుని ఆ ఒక్క ఉత్తరం విని వెళ్ళేది.

నేను ఆరో తరగతి చదువుతున్న ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. ఒక పగలంతా గాలి. కొబ్బరిచెట్లు విరిగిన చప్పుడు టపాకాయల్లా వినిపించింది. మధ్యాహ్నానికి మా మధ్యగది పెంకులు లేచిపోయాయి. గాలి తగ్గి చూసేసరికి భోషాణం మూత పగిలి, లోపల జానెడు బురదనీళ్ళు నిలిచి ఉన్నాయి.

తాత కూలబడతాడనుకున్నాం. ఆయన పంచె ఎగ్గట్టి పని మొదలుపెట్టాడు. గుడిసెలు పోయి మా ఇంట్లో తలదాచుకున్న ఆడవాళ్ళని పిలిచి, వలలు తెమ్మన్నాడు. విరిగిన కొబ్బరి మొదళ్ళకి ఆ వలల్ని మంచంలా బిగించి కట్టించాడు. వాటి మీద పాత నూలుచీరలు, చీరల మీద ఉత్తరాలు. తడి కాగితాన్ని వేళ్ళతో పట్టుకోకూడదనీ, కింద గుడ్డ వేసి గుడ్డతో సహా లేపాలనీ అందరికీ చేసి చూపించాడు. సొంత ఇంటి కప్పు లేనివాళ్ళు, పొయ్యి వెలిగించుకోవడానికి ఎండుపుల్ల లేనివాళ్ళు, రెండు రోజులు ఆ కాగితాలకి కాపలా కూచుని ఈగ వాలకుండా విసిరారు.

బురద పట్టిన ఉత్తరాలను పళ్ళెంలో మంచినీళ్ళు పోసి ముంచి తీసే పని నాకిచ్చాడు తాత. నల్లసిరాతో రాసినవి నీళ్ళకి చెక్కుచెదరవు. కానీ ముంచేముందు ప్రతి ఉత్తరం మీదా ఒక మూల అక్షరానికి పుల్లకొసతో నీటిబొట్టు అద్ది, రంగు కదులుతుందేమో చూడాలి. కదిలితే ముంచకూడదు. ఇరవైదాకా అలాగే చేశాను. ఏదీ కదల్లేదు. నా పనితనం మీద నాకే గొప్ప నమ్మకం కుదిరింది. తర్వాతిది భోషాణంలో పైన ఉండి, అంచుకి మాత్రమే బురద తగిలిన ఉత్తరం. దానికి పరీక్ష మానేశాను.

నీళ్ళలోకి దిగిన క్షణంలో కాగితం నుంచి ఊదారంగు పొగలా లేచింది. అక్షరాలు ఉబ్బి, ఒకదాంట్లో ఒకటి కలిసి, కరిగిపోయాయి. పళ్ళెం మొత్తం నేరేడుపండు రంగు. అది కాపీ పెన్సిలుతో రాసిన ఉత్తరం, తడి తగిలితే రంగు వదిలే రకం. పక్కన విప్పిపెట్టిన మూట ముడికి పెద్ద చేపపొలుసు ఒకటి కట్టి ఉంది. నీలమ్మ మామ్మది.

తాత వచ్చి చూశాడు. గుడ్డతో ఆ కాగితాన్ని మెల్లగా పైకెత్తి వల మీద పరిచాడు. కోప్పడలేదు. నాతో ఒక్కమాటే అన్నాడు.

“నువ్వే ఎల్లి సెప్పాల. నా సేత సెప్పించకు.”

ఆరిన కాగితాన్ని రెండు గుడ్డల మధ్య పెట్టుకుని, పడిపోయిన చెట్లు దాటుకుంటూ ఒడ్డుకి వెళ్ళాను. నీలమ్మ మామ్మ కూలిన గుడిసె రాటలు ఏరి ఒకచోట పేరుస్తోంది. కాగితం చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది. నేను ఏడుస్తూ జరిగింది చెప్పాను. ఆమె రాట కిందపెట్టి నన్ను పక్కన కూచోబెట్టుకుంది.

“నాకు సదవడం రాదు కదమ్మా. నాకు అచ్చరమొకటీ, మరకొకటీనా? మాట నాకాడుంది. నువ్వు ఎల్లి కలం, కాయితం తే. నాను సెప్తాను, రాసుకో.”

పరిగెత్తుకెళ్ళి నోటుపుస్తకం తెచ్చాను. ఆమె సముద్రం వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, తాత చదివే గొంతుతోనే చెప్పింది. నీలమ్మకు నరసయ్య రాయించేది. నేను క్షేమం. ధాన్యం మిల్లులో పని కుదిరింది. ఇక్కడి వాన నెలలకొద్దీ ఆగదు. పెద్దవల ఎండలో వదిలెయ్యకు. ఆడపిల్ల పుడితే మా అమ్మ పేరు పెట్టు. చివర కొంచెం ఆగి ఇంకో మాట చెప్పింది: ఏ రేవులో ఉన్నా ఇదే నీరు, బెంగెట్టుకోకు. నేను గుండ్రటి అక్షరాలతో అంతా రాశాను. ఇంటికొచ్చి చూపిస్తే తాత చివరిదాకా చదివి, బాగుంది, అలాగే ఉంచు అని, ఆ నోటుకాగితాన్నీ ఊదారంగు కాగితాన్నీ ఒకే మూటలో చుట్టి, చేపపొలుసు మళ్ళీ కట్టాడు.

ఆ నేరేడు రంగు పళ్ళెమే నన్ను ఈ వృత్తిలోకి తెచ్చిందని ఇప్పుడనిపిస్తుంది. ఉద్యోగంలో చేరాక నేర్చుకున్న మొదటి సంగతుల్లో ఒకటి, కాపీ పెన్సిలులో రంగుతో పాటు మామూలు పెన్సిలు నలుపు కూడా ఉంటుందని. నీరు రంగునే కరిగిస్తుంది, ఆ నలుపు కాగితాన్ని పట్టుకునే ఉంటుంది. కంటికి ఆనని ఒక రకం వెలుగులో ఫోటో తీస్తే ఊదా మరక మాయమై కింది గీతలు కనబడతాయి. అలాంటి కెమెరా మా గ్రంథాలయానికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటికి తాత లేడు, నీలమ్మ మామ్మ లేదు. భోషాణం టెక్కలిలో మా బాబాయి ఇంట్లో ఉంటే, మూటలు తెచ్చుకున్నాను.

తెర మీద నరసయ్య ఉత్తరం ఒక్కో వరుసే తేలింది. పక్కన నా నోటుకాగితం పెట్టుకుని పోల్చాను. ఏభై ఏళ్ళకు దగ్గరగా చెవిలో దాచుకున్న మాటలు, ఒక్కటీ తప్పలేదు. వాన, వల, అమ్మ పేరు, అన్నీ ఆ వరుసలోనే. ఒక్క చివరి మాట తప్ప. ఏ రేవులో ఉన్నా ఇదే నీరు అన్న వాక్యం ఆ ఉత్తరంలో లేదు. చోటు లేక కాదు, కాగితం అడుగున రెండు వేళ్ళ మేర ఖాళీగానే ఉంది. ఏటా ఆ ఉత్తరం చదివిన తాతకి అది తెలిసే ఉండాలి.

కిందటి వేసవిలో ఆ రెండు కాగితాలూ, కెమెరా తీసిన ఫోటో పట్టుకుని ఊరెళ్ళాను. నీలమ్మ మామ్మ కూతురికి ఎనభై దాటాయి. పేరు ఎర్రమ్మ, నరసయ్య తల్లి పేరే. కొడుకు డయాలసిస్‌కి పలాస వెళ్ళాడు, ఆమె ఒక్కతే గుమ్మంలో కూచుని ఉంది. ఉత్తరం చదివాను. చివరి మాట దగ్గర ఏంచెయ్యాలో తోచక, ఉన్న విషయం ఉన్నట్టు చెప్పేశాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

“అది కాయితంలోది కాదమ్మా. నాయిన ఓడెక్కేటప్పుడు రేవుకాడ అమ్మతో అన్న మాట. అప్పుడు రాసేవోడు నేక కాయితమెక్కనేదు, అంతే. అందుకే అమ్మ నీ సేత రాయించింది.”

తర్వాత ఆమే ఒకటి అడిగింది. అసలు ఉత్తరం రాసింది ఎవరని. నరసయ్యకి రాత రాదు గనక మిల్లులో ఎవరో తెలుగు గుమాస్తా రాసి ఉంటాడనీ, పేరు ఎక్కడా లేదనీ చెప్పాను. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ తలుచుకోని మనిషిని ఆమె ఆ ఒక్క పూటలో తలుచుకుంది. ఫోటో మీద అరచెయ్యి ఆనించి, ఆ బాబు ఎక్కడున్నా సల్లగుండాల అంది.

మా పెంకుటిల్లు ఇప్పుడు లేదు, ఆ చోట ఎవరిదో డాబా. ఉత్తరాలు రావు, చదివించుకునేవాళ్ళు లేరు, రోహిణి ఎండలకి చాపలు పరిచేవాళ్ళు లేరు. ఎర్రమ్మ ఆ కాగితాలు నన్నే తీసుకెళ్ళమంది, ఉప్పుగాలికి ఇక్కడ నిలవవని. తిరిగొచ్చాక వాటికి గ్రంథాలయంలో వివరాల కార్డు రాశాను. రాసినవారు అన్నచోట మొదటి కాగితానికి “పేరు తెలియని గుమాస్తా” అని రాశాను. రెండోదానికి చేతివ్రాత నాదే అయినా నా పేరు రాయడానికి చెయ్యి రాలేదు. నీలమ్మ అని రాశాను.