రాముడి చీనీకాయలు, నా చేపలు

గుంట నిండా చేపలుండి ఒక్కటి కూడా అమ్ముకోలేని మనిషిని మీరెప్పుడన్నా చూసినారా? చూడకపోతే ఒంటిమిట్ట దారిలో బస్సు దిగి మా గుంట కాడికి రండి. గట్టు మీద మంచమేసుకుని ఆకాశం చూస్తాంటాను. నా కొంప ముంచింది ఆ ఆకాశమే.

ఆ పొద్దు మత్స్యశాఖ సారు గట్టు మీద నిలబడి, "మేతలో విటమిన్ సి కలపప్పా, ముక్క గట్టిగా ఉంటాది" అన్నాడు. పోయినసారి మా చేప ముక్క కూరలో పడంగానే చెదిరిపోయిందని కడప హోటలాయన మొహం చిట్లించినాడు. ఈసారీ అంతే అయితే గుంట పూడ్చేస్తానని మా మామ తేల్చి చెప్పినాడు. నేను ఇల్లటం అల్లుణ్ణి, నేల ఆయనది. సారు ఇంకా ఏందో చెప్తానే ఉండాడు. నాకు వినబడితే గదా! నీళ్లలో తెల్లమబ్బు ఒకటి మెల్లగా ఈదుకుంటా పోతాంటే, దాని ఎనకాలే నేనూ పోయినాను.

విటమిన్ సి అంటే చీనీకాయే కదా, అదే, బత్తాయి! పెరట్లో మామ చీనీచెట్టు తొలికాపుతో వంగి ఉండాది. పొద్దు పొడవకముందే కాయలన్నీ కోసి, రసం పిండి, తవుడులో కలిపి, చేపలు పొడుచుకుని తినేటట్టు చిల్లుల సంచుల్లో నింపి గుంటలో వేలాడదీసినాను. అబ్బ, ఏం వాసన! నీళ్ల మీద ఆవిరి కూడా తియ్యగా లేస్తాంది.

ఇంటికొచ్చి, "మామా, ఈసారి ముక్కముక్కకూ విటమిన్ ఎక్కింది!" అని కోతలు కోసినాను.

మామ పెరట్లోకి పోయి, అట్లే వెనక్కొచ్చినాడు.

"కాయలు యాడికి పోయినాయప్పా?"

"చేపల కడుపులోకి, మామా."

"అవి ఒంటిమిట్ట రాముడికి మొక్కుకున్నవి! రాముడి సొత్తు తిన్న చేపలు ఇంక రాముడివే. ఒక్కదాని మీద వల పడిందో, చూడు!"

సారుకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పినాను.

"రసం పోసినావా? నీళ్లలో కరిగిపోయుంటాది గదప్పా! పొడి కలిపి, పైన నూనె పట్టించమని ఆ పొద్దే చెప్తిని కదా!"

నా ప్రాణం లేచొచ్చింది. "మామా! చేపలకు ఏమీ ఎక్కలేదంట! అంతా నీళ్లలోనే కలిసిపోయిందంట!"

మామ చల్లగా చూసినాడు. "ఎక్కిందని ఇందాక నువ్వే గదా అన్నది? పోనీ, నీళ్లలోనే కలిసిందనుకో. అవి ఉండేది ఆ నీళ్లలోనే గదా?"

గుంట మాత్రం పూడ్చలేదు. రాముడి గుంటను ఎవురు పూడుస్తారు? రోజూ మేత నేనే వేస్తాండా. ముక్క గట్టిపడిందో లేదో ఆ రాముడికే తెలియాల, ఆయనేమో తినడు.

అందుకే ఆయన సాక్షిగా ఒట్టు పెడతాండా: ఎవురన్నా సలహా చెప్తాంటే చివరి మాట దాకా ఆకాశం వైపు చూడనే చూడను.

ఈ పొద్దు మబ్బులు మాత్రం శానా బాగుండాయి.