మరియప్పన్ కుడికాలు

మా ఎదురింటి మరియప్పన్‌కు అలసట కొత్త కాదు. అలిసిపోయానని చెప్పుకోవడానికే సిగ్గు. ఆసుపత్రి గుడ్డ నేసే మిల్లు యజమాని, మా మాటలో ముదలాళి, రఘురామ రాజుగారి ఇంట్లో ఆయన డ్రైవర్. రాజుగారు పెళ్లికొడుకై ఎక్కిన కారు తోలిందీ ఈయనే, ఇప్పుడు ఆయన మనవరాలిని బడి దగ్గర దింపేదీ ఈయనే. పొద్దున సత్రపట్టి, మధ్యాహ్నం తళవాయిపురం, సాయంత్రమైతే మదురై విమానాశ్రయం. ఇల్లు చేరి, కుడి మోకాలికి వేడినీళ్ల గుడ్డ చుట్టుకుని అరుగు మీద కూలబడేవాడు. ఏమైందని అడిగితే, "ఏమీ లేదు, చలి" అనేవాడు. ఎండలు మండే మా రాజపాళయంలో చలి! నాకు ఒళ్లు మండేది.

ఇన్నేళ్లలో తన బండి ఎవరినీ తాకలేదన్నదే ఆయన గర్వమంతా. ఆ మాట విని విని మా వీధివాళ్లందరి చెవులూ తూట్లు పడ్డాయి.

కిందటేడు రాజుగారి ఇంటికి కొత్త కారు వచ్చింది. ఎదురుగా ఏదైనా అడ్డొచ్చినప్పుడు డ్రైవర్ బ్రేకు తొక్కకపోతే తనంతట తానే వేసుకునే రకం. షోరూం నుంచి వచ్చిన సీనివాసన్ కారు ముక్కు మీది కంపెనీ గుర్తును చూపించాడు.

"దీని వెనకాల ఉన్నది దాని కన్ను. దీనిమీద ఏమీ పుయ్యవద్దు అన్నా. కన్ను మూసుకొంటే బండి తానుగా నిలవదు. లోపల పసుపు లైటు వస్తుంది."

మరియప్పన్‌కు అది అవమానంగా తోచింది. "ఆమా, నాకు కాలు లేదా ఏమి?" అన్నాడు నాతో. కొద్ది రోజుల్లోనే కారు మీద చాడీలు చెప్పడానికి సందు దొరికింది. తెన్‌కాశి రోడ్డులో ఒక షేర్ ఆటో పక్కనుంచి ముందుకు దూరబోతే కారు ఉన్నట్టుండి నిలిచిపోయింది. వెనక టౌన్ బస్సు వెంట్రుకవాసిలో ఆగింది. బస్సు డ్రైవర్ తిట్టిన తిట్లన్నీ ఈయనకే. తొక్కింది తాను కాదంటే నమ్మేదెవరు?

ఆ తరువాత ఒకనాడు సత్రపట్టి దారిలో సైకిల్ మీద పోతున్న ముసలాయన చటుక్కున అడ్డం తిరిగాడు. మరియప్పన్ చూశాడు. చూసి కాలు ఎత్తబోయాడు. ఆ కాలు బ్రేకును చేరేలోపే కారు నిలిచింది. ముసలాయన వెనక్కి కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

"బాగా పట్టినావు మరియప్పా" అన్నారు రాజుగారు వెనక సీట్లోంచి. మరియప్పన్ తల ఊపి బండి ముందుకు పోనిచ్చాడు. ఆ రోజు నుంచి కారును తిట్టడం మానేశాడు. చాడీలు వినే బాధ తప్పిందని మేము సంతోషించాం. అసలు సంగతి ఆయన నోట విన్నది చాలా తరువాత.

ఆయన భార్య మునియమ్మాళ్ రాజుగారి ఇంట్లోనే వాకిలి ఊడ్చి ముగ్గు పెడుతుంది. శుక్రవారం శుక్రవారం కారు ముందున్న గుర్తుకు గంధం పూసి కుంకుమ పెడుతుంది. ఆ ఇంటి పాత కార్లన్నిటికీ అలాగే చేసింది. సీనివాసన్ చెప్పింది మరియప్పన్ చెప్పబోతే కస్సుమంది.

"బొట్టు లేకుండా బండి రోడ్డుకు పోతుందా? నీవు దినమూ ఇల్లు చేరేది దేనివల్ల అనుకొన్నావు?"

ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. అందుకని ఆయన ఒక ఉపాయం పట్టాడు. వీధి మలుపు తిరగ్గానే దిగి, తువ్వాలుతో గుర్తు తుడిచి, దేవుడికి లెంపలు వేసుకుని మళ్లీ ఎక్కేవాడు.

ఆడి మాసం వచ్చింది. అమ్మవారి నెల గనక గంధం మామూలుకన్నా మందంగా పడింది. ముందు రోజంతా మదురైకి పోవడం, రావడంతోనే సరిపోయి, ఆ శుక్రవారం మరియప్పన్‌కు కళ్లు మూతలు పడుతున్నాయి. మలుపులో దిగడం మరచిపోయాడు. పసుపు లైటు వెలుగుతూనే ఉంది. దాన్ని పట్టించుకునే ఓపిక కూడా లేదు.

మిల్లు షిఫ్టు వదిలే వేళ తళవాయిపురం రోడ్డులో ముందు పోతున్న స్కూటీ ఆగింది. ఎలాగూ కారు నిలుస్తుందిలే అని ఒక్క క్షణం తన భారమంతా దానిమీద వేశాడు. కారు నిలవలేదు. ఆయన కాలు బ్రేకు మీదికి వచ్చేసరికి స్కూటీ కింద పడి ఉంది. దానిమీది మిల్లు అమ్మాయి ఇలక్కియాకు మణికట్టు విరిగింది.

మరునాడు సీనివాసన్ వచ్చి, గుర్తు మీద అట్టకట్టిన గంధాన్ని గోటితో గీకి చూపించాడు. రాజుగారు ఊపిరి పీల్చుకున్నారు.

"చూస్తివా మునియమ్మా, నీ గంధం చేసిన పని! ఇకమీద బండి దగ్గిరికి రావద్దు. మరియప్పా, నీమీద తప్పు లేదు. ఎప్పటిమాదిరి నీవే తోలు."

అంత నోరున్న మునియమ్మాళ్ తప్పంతా తన నెత్తిన వేసుకుంది. ఆ వారమంతా ఇలక్కియా ఇంటికి అన్నం మోసింది. ఆ అమ్మాయికి తల దువ్వి జడ వేసింది. "నా చేతితో పెట్టినాను, ఆ బిడ్డ చెయ్యి విరిగింది" అని మా గడపలో కూర్చుని ఏడ్చింది. మరియప్పన్ తన అరుగు మీదనుంచి అంతా విన్నాడు. నోరు తెరిస్తే పని పోతుంది, ఇన్నేళ్ల పేరూ పోతుంది. తెరవకపోతే భార్య ఏడుపు ఆగదు.

మరుసటి శుక్రవారం మునియమ్మాళ్ అలవాటుకొద్దీ గంధం గిన్నెతో కారు దాకా వచ్చి, రాజుగారి మాట గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. మరియప్పన్ అది చూడలేకపోయాడు. ఆమె చూస్తుండగానే తాళం తీసుకెళ్లి రాజుగారి ముందు పెట్టాడు.

"గంధం తప్పు కాదు ముదలాళీ. బండి నిలవకపోతే నిలపాల్సింది నేను. నా కాలు రాలేదు. సత్రపట్టి దోవలో బాగా పట్టినావు అంటిరి గదా, ఆ పొద్దు కూడా రాలేదు."

రాజుగారు తాళం అందుకుని జేబులో వేసుకున్నారు.

మొగుడూ పెళ్లాలు నడుచుకుంటూ ఇంటికి వచ్చారు. ఆయన కుంటుతున్నాడు, దాచుకోకుండా. ఆమె చేతిలో గిన్నె అలాగే ఉంది. వాకిట్లో ఆగి ఆయన మోకాలి వంక చూసింది. చూసి భుజం మీద ఒక్కటి వేసింది.

"ఇన్నినాళ్లు నాకైనా చెప్పకూడదా?"

మరియప్పన్ అరుగు మీద కూర్చుని కాలు చాచుకున్నాడు.

"ఎట్లా చెప్పేది? బండి నిలుస్తా ఉన్నది గదా."