మా అపార్ట్‌మెంట్‌లో మొదటి చావు

నా చిన్నప్పుడు కరీంనగర్‌లో అపార్ట్‌మెంట్ అంటే వింత. నాలుగంతస్తుల మా బిల్డింగ్‌ను చూడ్డానికి హుజూరాబాద్ నుంచి చుట్టాలు వచ్చేవారు. లిఫ్టులో తనివితీరా ఎక్కి దిగితే గానీ చాయ్ ముట్టేవారు కాదు. "ఒకల నెత్తి మీద ఒకలు ఎట్లుంటరే?" అని నోళ్లు వెళ్లబెట్టేవారు. కింది అంతస్తులో మా ఇల్లు. ఊళ్లో ఉన్న చెలక భూమి అమ్మి దాన్ని కొన్నది మా బాపమ్మ, అంటే నాన్నను కన్నతల్లి. ఒకరితో మాట పడే మనిషి కాదు.

మూడో అంతస్తులో ఒక అక్క, ఆమె భర్త కిరాయికి ఉండేవారు. ఆయన జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. ఒకరోజు పనిలోనే కుప్పకూలి, ఆస్పత్రిలో పోయాడు. శవాన్ని తెచ్చేసరికి వాళ్ల ఇంటి ఓనరు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. కిరాయిదారు చనిపోతే మా దిక్కున లోపలికి రానివ్వరు, రోడ్డు మీదే టెంటు వేయిస్తారు. ఇప్పటికీ ఉంది ఈ సిగ్గుమాలిన ఆచారం.

"శవాన్ని తెస్తే రేపు నా ఇంట్ల ఎవలుంటరు?" అన్నాడు ఓనరు. మెట్లు అందరివీ అని మిగతా ఇళ్లవాళ్లు వంతపాడారు. ఆదిలాబాద్ నుంచి అత్తమ్మ వచ్చేదాకా ఇంట్లో ఉంచనివ్వమని అక్క కాళ్లావేళ్లా పడుతోంది.

తింటున్న పళ్లెం పక్కకు నెట్టి బాపమ్మ బయటికి వచ్చింది.

"మీ మెట్లు మీరే ఉంచుకోండ్రి. నా తలుపు భూమ్మీదనే ఉన్నది. తీస్కరాండ్రి లోపటికి!"

బిల్డింగంతా మైల పడుతుందని ఎవరో గొణిగారు.

"మైలేమన్న లిఫ్టెక్కి మీ ఇండ్లకొస్తదా?" అని కసిరింది. ఓనరు గేటు వదిలి పక్కకు జరిగాడు.

మా నడిమింట్లో చాప పరిచి ఆయన్ని పడుకోబెట్టారు. పొద్దుగూకే వేళకు తల్లి వచ్చింది. కొడుకు బిల్డింగుల ఉంటుండని ఊరంతా చెప్పుకున్న మనిషి, ఆ ఇల్లు ఎన్నడూ చూడలేదు. కొడుకు చెంప తడుముతూ, చుట్టూ చూసి అడిగింది.

"గిదేనా, నా కొడుకు ఇల్లు?"

అక్క తల దించుకుంది.

"ఔనమ్మా, గిదే" అంది బాపమ్మ.

ఆ తర్వాత చాలా నెలలు ఆ బిల్డింగ్‌లో మా ఇంటి గడప ఎవరూ తొక్కలేదు. బాపమ్మకు రవ్వంత ఫికరు లేదు. నాకైతే గర్వంగా ఉండేది.

ఇప్పుడు నాకూ కిరాయికిచ్చే ఫ్లాటు ఒకటుంది. తాళంచెవి చేతిలో పెడుతూ ప్రతి కుటుంబానికీ ఒకే మాట చెబుతాను: "పెండ్లయినా, చావైనా గీ ఇంట్లనే చేసుకోండ్రి. ఎవలన్న గేటుకు అడ్డం నిలవడితే నన్ను పిలువుండ్రి." శుభమా అని దిగేవాళ్లతో చావు మాటలేంటని మా వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. నేను చెబుతూనే ఉంటాను.