నా పేరున జానెడు పెరిగిన గది

మడికొండలో మా అమ్మాయి కొనుక్కున్న ఫ్లాటుకు మొన్న తలుపులు బిగిస్తుంటే చూడబోయాను. ఎక్కడో ఫ్యాక్టరీలో చేసిన తలుపులు, గోడలో వదిలిన ఖాళీలో సాఫీగా వచ్చి కూర్చున్నాయి. అందరూ బాగుందన్నారు. నాకు మాత్రం మా అత్తమ్మ గుర్తొచ్చింది.

డెబ్భైల్లో, నా పెళ్ళయిన కొత్తలో, సుబేదారిలో ఇల్లు మొదలుపెట్టాం. నర్సంపేటలో పాత ఇల్లు విప్పించిన మామయ్య, ఆ టేకు దూలాలను కొత్త ఇంటి నడిమి గది కొలతకు ముందే కోయించి బండి మీద పంపించారు. ఆ గది అత్తమ్మ కోసం. ఆ దూలాల మీద వేసే మట్టి మిద్దె కింద ఎండాకాలం చల్లగా పడుకోవాలని ఆమె ఆశ. మన తరంవాళ్ళకు చెప్పనక్కర్లేదు, పునాదికి ముగ్గు పోసేనాడు ఇల్లాలి పేరు మీద ఆయం అనే వాస్తు లెక్క చూసి, శుభం కాకపోతే గది కొలతను కాస్త అటూ ఇటూ జరపడం అప్పటి ఆచారం. అత్తమ్మ పేరుకు ఉన్న కొలతే సరిపోయింది. ఆమె మాత్రం, “నా పేరెందుకు బిడ్డా, రేపు ఇల్లు నడిపేది నువ్వే గద, నీ పేరు మీదనే సూడమందాం” అన్నది. వద్దత్తమ్మా అని ఒక్క మాట అనాల్సింది. కొత్త కోడలిని, నా పేరున ఇల్లంటే లోలోపల ఉబ్బి తబ్బిబ్బయి నోరు మెదపలేదు.

నా పేరుకు ఆయం కుదరక గదిని పొడవూ వెడల్పూ జానెడు పెంచారు. ఆ హడావిడిలో దూలాల సంగతి ఎవరికీ తట్టలేదు. గోడలు లేచాక వడ్రంగి తాత దూలం ఎత్తించి చూసి, “కొస గోడ మీదికి ఎక్కుతలేదు, నేనేం జేతు” అని దింపించేశాడు. పొడుగైతే కోయొచ్చు గానీ పొట్టి కర్రను సాగదీసేదెవరు? ఆ దూలాలు పక్కనున్న మా చిన్న గదికెక్కాయి. నడిమి గదికి, వచ్చే ఏడు చూద్దామని, రేకులు కప్పారు.

ఆ వచ్చే ఏడు రానేలేదు. రోహిణి కార్తెలో అత్తమ్మ ఆ రేకుల కింద తడిపిన కొంగు నెత్తిన వేసుకుని కూర్చునేది. మా గదిలోకి రమ్మంటే, మొగుడూ పెళ్ళాల గదిలో తనకేం పనని నవ్వేసేది. గదులు మార్చుకుందామని మా ఆయనతో అనాలని ప్రతి ఎండాకాలం అనుకునేదాన్ని, పిల్లలు చిన్నవాళ్ళు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. ఎనభైల్లో ఆమె పోయాకే ఆ గదికి స్లాబు పడింది.

ఇప్పటి ఫ్లాట్లలో కొలతలు ఎవరి పేరూ అడగవు, గీసింది గీసినట్టే లేస్తుంది, ఒకరి కోసం ఒకరు తగ్గాల్సిన పనే లేదు. మంచిదే. కానీ అన్నీ కుదిరి ఉండగా నవ్వుతూ తన పేరు వదులుకునే అలాంటి మనుషులూ ఇప్పుడు కనబడరు. ఉన్నన్నాళ్ళూ చల్లని గది ఇవ్వని నేను, ఇప్పుడు ఏసీ గదిలో ఆమె ఫొటోకు దండ వేస్తున్నాను.