ఢోలక్ కొట్టొద్దన్న పాట

పోయిన గురువారం పొద్దున పాలకని బయటికి వస్తే, పక్కింటి కోడలు గోడ దగ్గర నిలబడి ఉంది. "అన్నా, తెల్లారగట్ల మా మామ పోయిన్రు" అంది. ఆమె మామ మా వీధికంతా ఫిట్టర్ కాక. జహీరాబాద్‌లో జపాను వెదురు వాయించిన మనిషి, నాకు తెలిసి, ఆయన ఒక్కడే. ఆ సంగతి వీధిలో ఎవరికీ పెద్ద విశేషంగా తోచలేదు. నాకూ చాలాకాలం తోచలేదు.

డెబ్బైల చివర్లో కాక పనిచేసే ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి ఒక జపాను ఇంజనీరు వచ్చి ఆర్నెల్లున్నాడు. సాయంత్రాలు షెడ్డు వెనక కూర్చుని షకుహచి వాయించేవాడట. వేరు దుబ్బు దగ్గర కోసిన మందపాటి వెదురు, ఐదు రంధ్రాలు. నిలువుగా పట్టుకుని పై అంచు మీద ఊదాలి. భజనల్లో మురళి వాయించే కాకకు దానిలోంచి మొదటి స్వరం రావడానికే నెల పట్టింది. వెళ్తూ వెళ్తూ ఇంజనీరు దాన్ని కాక చేతిలో పెట్టాడు.

ఆ పాటలు వెనకటికి అక్కడి సన్యాసులు ఒంటరిగా, ధ్యానంలా వాయించినవట. తాళం ఉండదు. ఒక ఊపిరికి ఒక వరస, తర్వాత నిశ్శబ్దం, మళ్ళీ ఊపిరి. "ఊపిరెంతుంటే పాట గంతే" అనేవాడు కాక. రోజూ డ్యూటీ దిగి, చేతుల గ్రీజు కిరోసిన్‌తో కడుక్కుని, ఆ వాసనతోనే వాయించుకునేవాడు.

ఒక్కసారైనా మా శనివారం భజనలో ఆ పాట పూర్తిగా వినిపించాలని ఆయన కోరిక. ఒక శనివారం మొదలుపెట్టాడు. శ్రుతి చూసుకుంటున్నాడనుకున్నాం. ఐదు నిమిషాలైనా అంతే. రాయికోడ్ నుంచి వచ్చి తాళాలు వాయించే పెద్దమనిషి, "శ్రుతి కుదిరింది గదా కాకా, ఇగ పాట షురూ జెయ్యి" అన్నాడు. కాక కళ్ళు తెరవలేదు. పాపం, పాట మరిచిపోయాడనుకుని, ఆయన ఆగిన చోట, ఢోలక్ వాయించే నేను నాలుగు దెబ్బలు వేసి ఆదుకున్నాను. తాళాలు అందుకున్నాయి. కాక వెదురు దించి గుడ్డలో చుట్టేశాడు.

ఇంటికి వస్తుంటే, "సప్పుడు లేని జాగ గూడ పాటనే బిడ్డా" అన్నాడు. గొంతులో కోపం లేదు. మళ్ళీ ఎప్పుడూ భజనకు ఆ వెదురు తేలేదు. పదేళ్ళు కావస్తోంది, నా సిగ్గు మాత్రం పోలేదు.

మొన్న చలికాలంలో దమ్ము వచ్చి ఆయాసం ఎక్కువై దవాఖానలో ఉండి వచ్చాక, ఒక మధ్యాహ్నం నన్ను పిలిచాడు.

"ఢోలక్ తే. కొట్టకు. ముంగట పెట్టుకొని కూసో, జర ఇను."

"గట్లనే కాకా."

రెండు అరచేతులూ తోలు మీద ఆనించి కూర్చున్నాను. ఊపిరి తగ్గింది కాబట్టి వరసలు చిన్నవయ్యాయి, మధ్య నిశ్శబ్దాలు పొడుగయ్యాయి. ఆయన ఊదినప్పుడల్లా, నేను కొట్టని తోలు నా చేతుల కింద సన్నగా వణికింది. పాట చివరిదాకా వాయించాడు. "అయిపోయింది" అని ఆయనే చెప్పాడు. చెప్పకపోతే నాకు తెలిసేది కాదు.

నిన్న భజనలో కాకను తలుచుకుని కాసేపు మౌనంగా కూర్చున్నాం. ఢోలక్ మీద చేతులు ఆనించాను. తోలు కదల్లేదు. రాయికోడ్ పెద్దమనిషి ఇక మొదలుపెట్టమన్నట్టు నాకేసి తల ఊపాడు. నేను ఇంకొంచెం ఆగాను.