ఓబులేసు పోగొట్టని తాళం

నా లోపల ఒకటి ఏళ్లుగా కుళ్లుతోంది. ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెబుతున్నాను. ముఖం చూసి చెప్పే ధైర్యమే ఉంటే ఈపాటికి చెప్పాల్సిన వాడికే చెప్పి ఉండేవాణ్ని.

ఉరవకొండ దగ్గర రోడ్డు పక్కన నాకు టైర్ల షాపు ఉంది. పంక్చర్లు వేస్తాను, టైర్లు మారుస్తాను. చేయి మంచిదని పేరు. ఆ మాట ఎవరైనా నా ఎదుట అంటే మాట మార్చేస్తాను.

మా వైపు ఒక పెద్దమనిషి ఉన్నాడు. భూములున్నాయి, పార్టీలో పలుకుబడి ఉంది, ఎప్పుడూ చుట్టూ నలుగురుంటారు. ఆయన కారు నడిపేవాడు ఓబులేసు. నాకంటే చిన్నవాడు, నన్ను నోరారా అన్నా అని పిలిచేవాడు. ఆ కారు చక్రాలను దొంగలు ఎత్తుకుపోకుండా తాళం నట్లు వేయించారు. ఒక్కో చక్రానికి మామూలు నట్లతో పాటు అలాంటిది ఒకటి. దానికి ఏ పానా పట్టదు. దాని తల మీది గాడుల్లో సరిగ్గా కూర్చునే ఇనుప ముక్క ఒకటి వేరే ఉంటుంది, బొటనవేలంత. తాళంచెవి అంటే అదే, మేం తాళం అనే అంటాం. అది పోతే చక్రం ఊడి రాదు.

ఆయుధ పూజకు ముందు రోజు ఓబులేసు ఆ కారు తెచ్చాడు, కొత్త టైర్లు వేయించడానికి. ఆ రోజు మాలాంటి షాపులో కాలు పెట్టడానికి సందుండదు. పని ముగిసిన సామానంతా కిరోసిన్ తొట్టిలో పడేయాలి, తోమాలి, తుడవాలి, అమ్మవారి పటం ముందు పేర్చి ఒక్కొక్కదానికీ విభూతి రాసి కుంకుమ పెట్టాలి. మర్నాడు దేన్నీ ముట్టుకోం. ఓబులేసుకేమో కారు కడిగి, పూలు కట్టి, గుమ్మడికాయ తెచ్చుకోవాలన్న తొందర. బండిలో కూర్చున్నాక తల బయటపెట్టి అడిగాడు.

"చక్రాల తాళం యాడ పెట్టినావన్నా?"

"డ్యాష్‌బోర్డులో ఉండాది, నువ్వు పోప్పా."

చూసి చెప్పలేదు. ఎప్పుడూ అక్కడే పెడతాను కాబట్టి ఆ నమ్మకంతో అనేశాను. వాడు నా మాట నమ్మి వెళ్లిపోయాడు. ఇంతవరకు పొరపాటే. ఎవరైనా చేసేదే. ఇక్కడితో ఆగి ఉంటే ఇప్పుడు ఇదంతా రాసే పని ఉండేది కాదు.

కొన్నాళ్లకు ఆ పెద్దమనిషి ఎన్నికల టికెట్టు సంగతి మాట్లాడుకోవడానికి రాయదుర్గం వైపు బయలుదేరాడు. దారిలో టైరు పంక్చరైంది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, తాళం లేదు. చుట్టూ వేరుశనగ పీకేసిన చేలు, తలదాచుకోవడానికి ఒక్క చెట్టయినా లేదు. ఇంకో బండి దొరికి ఆయన వెళ్లేసరికి, కలవాల్సిన నాయకుడు లేచి వెళ్లిపోయాడట. సాయంత్రం ఆ కారును లారీ మీద ఎక్కించి నా షాపుకు తెచ్చారు. వెనకే ఆయనా వచ్చాడు. ఆయన ముఖం చూసి గబగబా చేతులు తుడుచుకుని నిలబడ్డాను.

"డ్యాష్‌బోర్డులో పెట్టినానని అన్నే చెప్పినాడు సార్," అన్నాడు ఓబులేసు.

అందరూ నా వైపు తిరిగారు. ఆలోచించుకునేంత సమయం లేదని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అబద్ధం. సమయం ఉంది. ఆయన కోపం నా మీద పడితే ఈ రోడ్డు మీద నా షాపు ఉండదని లెక్క వేసుకునేంత సమయం ఉన్నవాడికి, నిజం చెప్పేంత సమయం లేకుండా ఎలా పోతుంది?

"నీ చేతికే ఇచ్చినా గదప్పా ఓబులేసూ. మరిచినావా?"

ఎంత మెత్తగా అన్నానో. తమ్ముడికి గుర్తు చేస్తున్నట్టు అన్నాను. గట్టిగా అరిచి ఉంటే వాడూ అరిచేవాడు, ఎదురు తిరిగేవాడు. నా మెత్తదనమే వాణ్ని పడగొట్టింది. వాడు నా ముఖంలోకి చూశాడు, తన అరచేతులు చూసుకున్నాడు.

"ఇచ్చినావేమోలే అన్నా. నాకే గ్యాపకం ల్యాదు."

తాళం లేకుండా ఆ నట్టు తీయాలంటే ఒక దారి ఉంది. నట్టు కంటే కాస్త చిన్న సాకెట్‌ను దాని తల మీద పెట్టి, బిగుసుకునేదాకా సుత్తితో కొట్టి, పొడుగు పైపు తగిలించి తిప్పాలి. సాకెట్ పాడైపోతుంది కాబట్టి అరిగిపోయింది వాడతాం. అలాంటివి వేసే డబ్బాలో చేయి పెట్టి వెతికాను. అడుగున తగిలింది. ఆ తాళమే. తోమిన సామానుతో కలిసిపోయి, నా చేతులతో నేనే పెట్టిన కుంకుమ ఎండి అంటుకుని ఉంది.

నిజం చెప్పడానికి అప్పటికి కూడా ఆలస్యం కాలేదు. డబ్బా పైకెత్తి, ఇదిగో దొరికింది, తప్పు నాదే అంటే సరిపోయేది. జేబులో వేసుకున్నాను. అరిగిన సాకెట్ తీసుకుని వెళ్లి కారు పక్కన కూర్చున్నాను. వంగినప్పుడల్లా తొడకు అది గుచ్చుకుంటూనే ఉంది. చెమటలు కక్కుతూ నాలుగు చక్రాల తాళం నట్లూ కొట్టి తీశాను, ఇకమీదట బాధ ఉండకూడదని. సుత్తి అందించింది ఓబులేసే. పైపు మీద నాతో పాటు బరువు వేసింది కూడా వాడే.

"పనోడంటే నువ్వేప్పా," అన్నాడు పెద్దమనిషి. నేను చేతులు కట్టుకుని నవ్వాను. ఆయన ఓబులేసు వైపు తిరగనైనా తిరగకుండా, రేపట్నించి రావద్దన్నాడు.

షాపు వెనక ఎండిపోయిన బోరు ఉంది. తాళాన్ని అందులో పడేశాను. గొట్టానికి తగులుతూ చాలాసేపు కిందికి పోతూనే ఉంది. ఇక ఎవరికీ దొరకదని నాకు సంతోషం కలిగింది. అవును, సంతోషమే. దానికి ఇంకో పేరు పెట్టను.

వాడికి పని పోవడం ఒక్కటే అయితే ఇంకెక్కడో దొరికేది. వాడు మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. దానం చేస్తున్నవాడిలా నేనే ఒకసారి ట్రాక్టరు పని చూపిస్తే వద్దన్నాడు. తన మతి మీద తనకే నమ్మకం లేదని, ఎవరి ప్రాణం మీదికో తెస్తానని అన్నాడు. ఇప్పుడు రాయదుర్గంలో జీన్స్ కుట్టేచోట బట్టల మూటలు మోస్తున్నాడు.

పోయిన వారం ఈ వైపు వచ్చినప్పుడు బైకు పంక్చరై, భార్యతో కలిసి నా షాపుకు వచ్చాడు. పని అయ్యాక ఇంటి తాళం కోసం జేబు తడుముకున్నాడు. ఉంది. బైకు ఎక్కబోతూ మళ్లీ తడుముకున్నాడు. భార్య నవ్వింది.

"ఈయప్పకు అన్నీ నేనే గ్యాపకం చెయ్యల్ల."

వాడూ నవ్వాడు. "నా సంగతి అన్నకు తెలీదా ఏమి?"

చెప్పడానికి అంతకంటే మంచి అదను రాదు. జనం లేరు, పెద్దమనిషి లేడు, భయపడాల్సిన పనే లేదు. "తెలుసులేప్పా," అన్నాను. అని వాళ్లతో పాటు నేనూ నవ్వాను. మొదటి అబద్ధానికి భయం ఉందని చెప్పుకోవచ్చు. దీనికి ఏం చెప్పుకోను?

ఓబులేసు ఏదీ మరిచిపోలేదు. ఆ రోజు నేను ఏమన్నానో వాడికి సరిగ్గానే గుర్తుంది. వాడి మతికి ఏ లోటూ లేదు. ఈ మాట రాయగానే నాకు ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది. వాడికి ఇంకా తెలియనే తెలియదు, నాకు మాత్రం అప్పుడే హాయిగా ఉంది.